గేటు బయటి మనిషి

“మధ్యాహ్నం దాకా తెరవరు పెద్దాయనా,” అన్నాడు కరుణాకరం.

ముసలాయన అప్పటికే చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు.

ఆ రోజు గాంధీ జయంతి. మార్కాపురంలో గాంధీ స్మారక భవనం ప్రారంభోత్సవం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళు కావస్తోంది. ఊరి పెద్దలు చందాలు పోగుచేసి కట్టించారు. లోపల రాట్నం, బాపూ ఫోటోలు, ఈ చుట్టుపక్కల నుంచి జైలుకెళ్ళిన వాళ్ళ ఖద్దరు బట్టలు, సత్తు కంచాలు పెట్టారు.

కరుణాకరం దానికి కాపలాదారు. మొన్నటిదాకా పలకల ఫ్యాక్టరీలో దుమ్ము పీల్చిన మనిషి. ఈ పని దొరికాకే రాత్రిళ్ళు దగ్గు లేకుండా నిద్రపోతున్నాడు.

“ఏ ఊరు మీది?”

“యర్రగొండపాలెం అవతల, నాయనా. మేకలు కాసుకుంటా ఉంటా. గిద్దలూరు రంగనాయకులు గారు వస్తాండాడంట కదా? ఒకసారి చూసిపోదామని వచ్చినా.”

రంగనాయకులు ఆనాటి ముఖ్య అతిథి. క్విట్ ఇండియా రోజుల్లో రైలు పట్టాల దగ్గర లాఠీచార్జిలో తల పగిలి, చచ్చి బతికిన మనిషి.

“ఆయనకు నువ్వు తెలుసా?”

“చూస్తే గుర్తుపడతాడు.”

కరుణాకరం ఆయన్ను వరండా నీడన కూర్చోబెట్టి, చెంబుతో మంచినీళ్ళు ఇచ్చాడు.

ఆయన తాగి చెంబు కింద పెట్టేలోగా కమిటీ ప్రెసిడెంటు లక్ష్మీనరసయ్య వచ్చాడు. మామిడాకులు కడుతున్నవాళ్ళను కేకలేస్తూ వచ్చినవాడు, ముసలాయన్ను చూసి ఆగిపోయాడు.

“నువ్వు కానిస్టేబుల్ మాల్యాద్రివి కదూ?”

ముసలాయన లేచి నిలబడ్డాడు. “అవునయ్యా.”

తోరణాలు కట్టేవాళ్ళు నిచ్చెన మీదే ఆగిపోయారు.

“ఆ పొద్దు పట్టాల కాడ ఉండినావా, లేదా?”

“ఉండినానయ్యా.”

“లాఠీ పట్టుకొని?”

“పట్టుకొనే ఉండినా. కానయ్యా...”

“కానీ లేదు, గీనీ లేదు! తెల్లోడి జీతం తిని మనోళ్ళ తలకాయలు పగలగొట్టినోడివి, గాంధీగారి ఇంటికి ఏ మొహం పెట్టుకొని వచ్చినావు?”

“ఆయన్నే అడగండయ్యా.”

“పండగ పూట ఆయనకు ఆ దెబ్బలు గుర్తు చేయాల్నా?” లక్ష్మీనరసయ్య గొంతు పెరిగింది. “కరుణాకరం! ఈయన్ను బయటికి పంపి గేటెయ్యి. నీ చేత కాదంటే చెప్పు, ఇంకోణ్ణి పెట్టుకుంటాం.”

కరుణాకరం చుట్టూ చూశాడు. ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని చూశాడు. తోరణాలు కట్టేవాళ్ళు మళ్ళీ పనిలో పడ్డారు.

కరుణాకరం ముసలాయన చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిపించాడు. ఆ చెయ్యి నిబ్బరంగానే ఉంది.

“నన్నేం చెయ్యమంటావు పెద్దాయనా?” గేటు దగ్గర మెల్లగా అన్నాడు. “ఈ పని పోతే మళ్ళా ఆ దుమ్ములోకే పోవాల. పిల్లలు గలోణ్ణి.”

“నాకు తెలుసులే నాయనా. పైనోళ్ళు చెప్పినాక నువ్వేం చేస్తావు? వేసుకో గేటు.”

కరుణాకరం గేటు వేశాడు.

ముసలాయన వెళ్ళిపోలేదు. రోడ్డుకు అవతల పేర్చిన పలకల రాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ నీడ లేదు. ఎండ ఎక్కేకొద్దీ రాయి కాలుతుంది. ‘లేచిపో పెద్దాయనా’ అని చెయ్యి ఊపాడు కరుణాకరం. ఆయన తల అడ్డంగా ఊపాడు.

మధ్యాహ్నం దాటాక మేళతాళాలతో రంగనాయకులు కారు వచ్చింది. ముసలాయన లేచి జనంలోకి వచ్చాడు. వాలంటీర్లు అందరినీ వెనక్కి నెట్టారు. ఆయన కూడా ఆ తోపులాటలో వెనక్కి పోయాడు. కారు లోపలికొచ్చింది.

కరుణాకరం మళ్ళీ గేటు వేశాడు. ముసలాయన తిరిగి ఆ రాళ్ళ మీదికే చేరాడు.

దండలు, ఉపన్యాసాలు మొదలయ్యాయి. కరుణాకరం చెవికి ఒక్క మాటా ఎక్కలేదు. కాసేపటికి గేటు వైపు చూస్తే రాళ్ళ మీద ఎవరూ లేరు.

సోడాలమ్మే సుబ్బులు గేటు ఊచల దగ్గరికొచ్చింది. “అన్నా, ఆ ముసలాయన కండ్లు తిరిగి పడిపోయినాడు. ఎద్దులబండి మీదేసి ఆస్పత్రికి తీసకపోయినారు.”

కరుణాకరం తిన్నగా వేదిక దగ్గరికి నడిచాడు. లక్ష్మీనరసయ్య కళ్ళతోనే ఉరిమాడు. అయినా ఆగలేదు.

“అయ్యా, మీ కోసం ఒకాయన పొద్దున్నించీ కాసుకొని ఉండె. మాల్యాద్రి అంట.”

రంగనాయకులు మెడలో దండతోనే లేచాడు. “ఎక్కడ?”

ఇద్దరూ ఆస్పత్రి చేరేసరికి వరండాలో, చాప మీద, ముసలాయన ముఖం మీదుగా దుప్పటి కప్పి ఉంది.

“ఎండదెబ్బ. వచ్చేటప్పటికే ప్రాణం లేదు,” అంది నర్సు.

లక్ష్మీనరసయ్య రొప్పుతూ వెనకే వచ్చాడు. “ఆ పొద్దు మిమ్మల్ని కొట్టిన పోలీసోడు రంగనాయకులు గారూ. మీ మనసు కష్టపడతాదని మేమే బయటికి పంపినాం.”

రంగనాయకులు చాప పక్కన కూలబడి, దుప్పటి తొలగించి, ఆ ముఖం వైపు చూస్తూ ఉండిపోయాడు.

“జైలు నుంచి వచ్చినాక ఈయన కోసం తిరగని ఊరు లేదు,” అన్నాడు చివరికి. “నౌకరీ పీకేసినారు, ఊరొదిలి పోయినాడు అన్నోళ్ళే గాని, యాడ ఉండాడో చెప్పినోళ్ళు లేరు.”

కరుణాకరం గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“కింద పడినోణ్ణి చచ్చేదాకా కొట్టమని దొర ఆర్డరేస్తే, అంతమంది పోలీసుల్లో లాఠీ పారేసి, నా మీద బోర్లా పడి ఆ దెబ్బలు తిన్నది ఈయనొక్కడే, లక్ష్మీనరసయ్యా.”