నీడ పడే గది

"ఆ గది తీసేసి చూపించమ్మా," అన్నాడు ప్రింటింగ్ ప్రెస్ యజమాని.

ట్యాబ్ తెర మీద ఆయన అద్దెకిచ్చిన మూడంతస్తుల మేడ పైనుంచి కనబడుతోంది. డాబా మీద అగ్గిపెట్టెంత గది. దాని నీడ సోలార్ ప్యానెళ్లు పెట్టాల్సిన చోటును మింగేస్తోంది. వేలితో నొక్కితే గది మాయమవుతుంది. సోలార్ కంపెనీ నుంచి వచ్చిన ఆమె వేలు మాత్రం కదల్లేదు.

పక్కనున్న సీనియర్ కళ్లెర్రజేశాడు. ఒప్పందం మీద ఈయన సంతకం పడకపోతే రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని మెట్ల దగ్గరే చెప్పాడు. చెయ్యి చాచి తనే నొక్కేశాడు.

గది పోయింది. ఆరు ప్యానెళ్లు పదయ్యాయి.

"నెలకి ఆరొందల యాభై యూనిట్లు సార్! గదుంటే నాలుగొందలు కూడా రావు," అన్నాడు సీనియర్.

"అయితే పడగొట్టించేస్తా." యజమాని పెన్ను తీశాడు.

ఆమె గబుక్కున అందుకుంది. "అందులో ఎవరైనా ఉంటున్నారేమో సార్..."

"ఎవరో ఉన్నారట. నేనెప్పుడూ చూళ్లేదు. అద్దె వాచ్‌మన్ తెచ్చిస్తాడు. పొమ్మంటే పోతారు."

"ఒక్క నిమిషం సార్."

ట్యాబ్ తన వైపు లాక్కుంది. గదిని మళ్లీ తెచ్చింది. దాని నెత్తిన ఇనప చట్రం నిలబెట్టి ప్యానెళ్లు పేర్చసాగింది. తొందరలో ఒకటి జారి వీధిలో పడింది.

"దారినపోయేవాళ్లకీ కరెంటిస్తావా ఏంటి?" యజమాని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. దాన్ని పైకి లాగింది. "గది మీద మూడు, కింద ఆరు. తొమ్మిది సార్. ఐదొందల ఎనభై యూనిట్లు. పడగొట్టే పనే లేదు."

"పదికి ఒప్పుకున్నాయన్ని తొమ్మిదికి దించుతావా? పిచ్చా నీకు?" సీనియర్ చెవిలో బుసకొట్టాడు.

"గోడలు ఆ బరువు మోస్తాయా?" యజమాని అడిగాడు.

"మేకు కొడితే మేకే వంగుతుంది సార్!"

"నీకెలా తెలుసు?"

ఆమె చూపు తెర మీదికి తిప్పుకుంది. "అంటే... పాతకాలం గోడలన్నీ అంతేగా సార్. ఇంజనీరు చూసి సరేనన్నాకే బిగిద్దాం."

యజమాని తెర మీద ప్యానెళ్లు లెక్కపెట్టుకున్నాడు.

"సరే, తొమ్మిదే కానివ్వండి." సంతకం గీకేశాడు.

బయటికొచ్చాక సీనియర్ చెమట తుడుచుకున్నాడు. "బతికిపోయావ్. రేపు టైముకి రా."

ఆమె బస్సు దిగి, మూడంతస్తుల మెట్లూ ఒగర్చుకుంటూ ఎక్కి, డాబా మీది ఆ గది తలుపు తట్టి, "అత్తయ్యా, నేనే... పాప లేచిందా?" అంది.