మూడో ప్రశ్న

ఆమె బల్ల మీద పెట్టిన రాజీనామా కాగితాన్ని మేనేజరు ముట్టుకోలేదు.

"మా వల్లేమైనా తప్పు జరిగిందామ్మా?"

"లేదు సార్. అలిసిపోయానంతే."

"పోనీ, ఓ నెల విరామం తీసుకుని చూస్తావా?"

ఆమె ఉలిక్కిపడింది. ఈ మాటలు తను రాసినవే. మార్కెటింగ్‌లో ఆమె పనే అది: యాప్ వదిలి వెళ్లబోయే ఖాతాదారులను తెర మీద వరసగా మూడు ప్రశ్నలడిగి, వాళ్ల ముందరి కాళ్లకు బంధం వేయడం. ఆ విద్యకిప్పుడు మహా గిరాకీ. మూడో ప్రశ్న దగ్గర పదిమందిలో ఎనిమిదిమంది ఆగిపోతారని మొన్నే మీటింగులో గొప్పగా చెప్పింది కూడా.

"మూడోది అడక్కండి సార్. అదీ నేను రాసిందే," అంది నవ్వబోతూ.

ఆయన నవ్వలేదు. పొల్లు పోకుండా అడిగాడు.

"ఇన్నాళ్లూ కూడబెట్టుకున్నదంతా పోతుంది. పర్లేదా?"

'నేను ఆ మిగతా ఇద్దరిలో ఒకదాన్ని' అనుకుంది గట్టిగా.

అప్పటికే ఆమె చెయ్యి కాగితాన్ని వెనక్కి లాక్కుంటోంది.