సలోమికి ఉద్యోగం వచ్చింది

తెనాలిలో బీబీఏ పూర్తిచేసినవాళ్లెవరూ ఇప్పుడు ఉద్యోగానికి వెళ్లడం లేదు. ఆఖరి ఏడాదిలో కాలేజీవాళ్లే పిల్లల గొంతు, తెలివి, మాటతీరు అచ్చంగా దించి కంప్యూటర్లో నకళ్లు తయారుచేస్తారు. ఉద్యోగం నకలుది, జీతం కాలేజీది, ప్లేస్‌మెంట్ పోస్టర్ మీద ఫోటో మాత్రం పిల్లలది.

సలోమి తన ప్రాజెక్టు దీనిమీదే చేసింది. సీనియర్లందరికీ ఫోన్లు చేసింది. ఎత్తినవాళ్లంతా ఇళ్లల్లోనే ఉన్నారు. ఆ మాటే రాసి ఇస్తే ప్రిన్సిపాల్ నవ్వి, "నకలుకొస్తే నీకొచ్చినట్టే కదమ్మా," అని మంచి మార్కులే వేశాడు.

ఆ వేసవిలో ఒకరోజు పక్కింటి మరియమ్మ వాకిట్లో గోంగూర తుంచుతూ, కూతురి సీటు కోసం సలోమి చదివిన కాలేజీకే ఫోన్ చేసింది. స్పీకర్లోంచి సలోమి గొంతు పలికింది.

"నేనూ ఇక్కడే చదివానాంటీ. మా సీనియర్లందరికీ నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. అందరూ ఉద్యోగాల్లో ఉన్నారు."

గోడ అవతల బట్టలారేస్తున్న సలోమికి ఒళ్లు మండిపోయింది. చేతిలో తడిబట్ట విసిరికొట్టి, ఒక్క ఉదుటున వచ్చి ఫోన్ లాక్కుంది.

"సిగ్గులేదటే నీకు? నా గొంతుతో, నేను పడ్డ కష్టంతో అబద్ధాలాడతావా? ఆంటీ, అసలు సలోమిని నేను! ఒక్కళ్లకీ ఉద్యోగం లేదు. పిల్లని అక్కడ చేర్చకండి!"

మరియమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఫోన్ మెల్లగా వెనక్కి తీసుకుంది.

"కోప్పడకే. నువ్వేమో ఇంట్లో ఖాళీగా ఉన్నావు. ఆ సలోమికి ఉద్యోగముంది. ఎవరి మాట వినమంటావు?"