అరిసెల ప్రాయశ్చిత్తం

క్రిస్మస్‌కి వండిన అరిసెల డబ్బా మూత తీసి, తెరేసమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

“ఇరవై అరిసెలు మాయమైనాయి! షుగరుంది, తీపి ముట్టుకోవద్దు, రోజూ నడవండని బెజవాడ డాక్టరు గారు ఎన్నిసార్లు చెప్పారండీ మీకు?”

శౌరయ్య ఆదివారం పూజకి ముందే చర్చికి వెళ్లి, ఫాదర్ గారికి చాటుగా పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం జాలీ పక్కన మోకరించాడు.

“ఫాదర్, దొంగతనంగా అరిసెలు తిన్నానండి. దేవుడి మీద ఒట్టు, ఎనిమిదే. మిగతా పన్నెండు కూడా మా ఆవిడ నా నెత్తినే రుద్దుతోంది.”

జాలీ అవతల ఫాదర్ గారికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. తేరుకోవడానికి కాసేపు పట్టింది.

“నువ్వు తిన్నవాటికే నువ్వు ప్రాయశ్చిత్తం చెయ్యి నాయనా. అరిసెకో రోజు. పొద్దున్నే జపమాల చెప్పుకుంటూ కాలవ గట్టు మీద లాకుల దాకా నడిచి రా. రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తిను.”

డాక్టరు ఆర్నెల్లు మొత్తుకున్నా కదలని శౌరయ్య, సోమవారం ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ కూత వినపడగానే గట్టు మీదున్నాడు.

ముందు ఎవరో ఆడమనిషి జపమాల తిప్పుకుంటూ చకచకా నడుస్తోంది. గబగబా వెళ్లి చూశాడు. పాలకెళ్తున్నానని చెప్పి ఇంట్లోంచి బయల్దేరిన తెరేసమ్మ!

ఇద్దరూ పక్కపక్కనే లాకుల వైపు నడిచారు.

“నాకు ఎనిమిది రోజులు వేశారు ఫాదర్ గారు,” అన్నాడు శౌరయ్య చివరికి. “నీకెన్నే?”

తెరేసమ్మ తల దించుకుంది.

“పన్నెండండీ.”