నలభయ్యో నాటి సూర్యోదయం

సెవెరిన్ సంతలో, పాత గడియారాల మధ్య ఆ బొమ్మ కనబడగానే స్టాంక ఉల్లిపాయల సంచి కింద పెట్టేసింది.

డాన్యూబ్ నది మీద సూర్యోదయం. నీళ్ళ అంచున, తలకు నల్లగుడ్డ కట్టుకున్న ఆడమనిషి వంగి దీపం వదులుతోంది. పక్కన ఊతకర్రతో ఇంకొకామె.

ఆ వంగిన మనిషి తనే.

పదిహేడేళ్ళ కిందట ఆమె భర్త ట్రాయాన్ చేపలకు వెళ్ళాడు. పడవ బోర్లాపడి దొరికింది, మనిషి దొరకలేదు. నలభయ్యో రోజు తెల్లవారగానే, ఆనవాయితీ ప్రకారం సొరబుర్ర చిప్పలో కొవ్వొత్తి వెలిగించి నదిలో వదిలింది. తోడు వచ్చింది పక్కింటి రుసలీన ఒక్కతే. అప్పుడామెకు కాలు విరిగి ఉంది.

ఆ తరువాత దిగువన ఏ ఊరి ఒడ్డుకు శవం కొట్టుకొచ్చినా స్టాంకకు కబురొచ్చేది. వెళ్ళేది. ముఖం చూసేది కాదు, నీళ్ళు ముఖాన్ని మిగల్చవు. కుడి బొటనవేలు చూసేది. వల కోసే కత్తికి తెగి, దానిమీద అడ్డంగా లోతైన గాటు ఉండాలి. ఒక్కరికీ లేదు.

శ్మశానంలో ట్రాయాన్ పేరున్న శిలువ కింద ఇంకా ఖాళీయే. అతన్ని అక్కడ పడుకోబెట్టాకే తను కళ్ళు మూయాలని ఆమె పట్టు.

బొమ్మ కొని తెచ్చి, ట్రాయాన్ ఎప్పుడో పువ్వులు గీసిన కిటికీ రెక్కకు ఆనించింది. రుసలీనను పిలిచింది.

"ఆ కర్ర నాదే. నన్ను మాత్రం పీపాలా వేశాడు, వాడి చెయ్యి పడిపోను," అంది రుసలీన.

"ఎవరై ఉంటారక్కా? ఆ రోజు ఏటిని ఇంత శ్రద్ధగా చూసినవాడు ఆయన్ని కూడా చూశాడేమో. ఎక్కడ తేలాడో చెప్తాడేమో."

రుసలీన బొమ్మ మీదికి వంగింది. నవ్వు ఆగిపోయింది.

"మన ఊరివాడు కాదే. మన గట్టున పొద్దు ఏటిమీద గుంకుతుంది గానీ పొడవదు. ఇదిగో, సూర్యుడు మన చర్చి వెనకాల ఉన్నాడు. వీడు అవతలి గట్టున నిలబడి వేశాడు."

అవతలి గట్టు సెర్బులది. ఆ రోజుల్లో దేశం విడిచి అటు ఈదబోయినవాళ్ళను ఇవతలి కాపలావాళ్ళే కాల్చేవారు. ఆ ప్రభుత్వం పోయి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు రోజూ జనం వస్తూ పోతూనే ఉన్నారు.

"ఎవడో సెర్బు, పనీపాటా లేక వేసుంటాడు. సంతకం ఉందేమో చూడు," అంటూ రుసలీన తన కళ్ళద్దాలు తీసి ఇచ్చింది.

సంతకం లేదు. స్టాంక బొమ్మను వెలుగుకు తిప్పి, మూలమూలా వెతికింది.

ముందువైపు వేలాడుతున్న విల్లో చెట్టు ఆకులు కుంచెతో వేసినవి కావు. బొటనవేలితో అద్దినవి, ప్రతి ఆకుకీ అడ్డంగా ఒక గాటు.