సుభాషిణి పార్కు

"చారులో కరివేపాకు వెయ్యలేదేం?" అన్నాడు జనార్దన్.

"ఎదురింటి అలివేణి గారి పార్కులోది నేను వెయ్యను," అంది సుభాషిణి.

"ఆవిడ చెట్టుది వాసనే వేరు."

ఆ మాటతో సుభాషిణికి ఒళ్లు మండింది. ఊళ్లో నేల మిగలక, కార్పొరేషన్ వాళ్లు అపార్టుమెంట్లలో గదులు కొని, మట్టి పోసి, పార్కులు చేస్తున్నారు. గది అమ్మినవాళ్ల పేరే పార్కుకు పెడతారు. అలివేణి హాలు ఇచ్చాక, ఐదో అంతస్తు వాళ్లందరూ ఆవిడ చుట్టూనే. జనార్దన్ కూడా పొద్దున్నే చెప్పులేసుకుని అక్కడికే.

ఆదివారం భోజనాల దగ్గర సుభాషిణి నెయ్యి వడ్డిస్తూ చెప్పింది. "మన పడగ్గది పార్కుకు రాసిచ్చేశాను. సంపెంగ నాటమన్నాను."

"మరి మనం పడుకునేదెక్కడ?"

"వంటింట్లో. ఇక వాకింగుకు ఆవిడే మనింటికి రావాలి."