సగం పుస్తకం

భవాని వేడివేడి పకోడీలు కుక్కకి వేసేసి, పొట్లం కాగితానికి అంటిన నూనె చీరకొంగుతో అద్దుకుని ఇంటికి పట్టుకెళ్ళిందట.

కొత్తపేట సెంటర్లో తన కళ్ళతో చూశానని లీలావతిగారు కుళాయి దగ్గర చెప్పేరు. అంతటితో ఆగలేదట. బండివాడు పొట్లాలకి చింపుకుంటున్న పుస్తకం, అప్పటికే ముందు సగం అయిపోయింది, బతిమాలి మరీ అడిగిందట.

"వాడు ఊరికే పట్టుకుపొమ్మంటే వినదే! చేతిలో వంద నోటు పెట్టింది. ఇంట్లో చూస్తే గ్యాస్ బండ అయిపోయి మూడు నెలలు. కొబ్బరి మట్టలు పెట్టి వండుకుంటోంది. మొగుడితోపాటు మతీ పోయిందమ్మా దానికి!"

మట్టల మాట నిజమే. భవాని మొగుడు వెంకటకృష్ణ కొబ్బరి దింపులకి వెళ్ళేవాడు. రెండేళ్ళ కిందట చెట్టు మీంచి జారిపడి పోయేడు. అప్పట్నించీ ఆమె పీచు మిల్లులో కూలికి వెళుతోంది.

పుస్తకాల మాటా నిజమే. ఆదివారం వస్తే చాలు, పలివెలలో బస్సెక్కేది. ఓ వారం అమలాపురం, ఓ వారం రామచంద్రపురం. పాత పుస్తకాల కొట్లూ చిత్తుకాగితాల కొట్లూ తిరిగేది. మధ్యాహ్నానికి ఒక టీతో సరిపెట్టుకునేది.

రామచంద్రపురంలో పాత పుస్తకాలు అమ్మే సత్యానందానికి ఆమె అంటే జాలి. ఓసారి ఒకే నవల రెండు కాపీలు తెచ్చి ముందు పెట్టేడు. ఒకటి నిన్న అచ్చేసినట్టుంది. రెండోదానికి అట్ట లేదు, అంచులు చెద తినేసింది.

భవాని రెండింటికీ చివరి పేజీ తిప్పి చూసింది. చెద తిన్నదే తీసుకుంది.

"అదేంటమ్మా! అదే రేటుకి మంచిది ఇస్తానంటుంటే?"

"ఇది చాలండి."

"ఎవరైనా మొదటి పేజీ చూసి కొంటారు. మీరేమో ఎప్పుడూ చివరి పేజీయే చూస్తారు. కథ ఏమవుతుందోనని అంత కంగారా?"

"ఆయ్, అదేనండి," అని పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో కొబ్బరిచెక్కతో ఓ అర చేయించుకుంది. రెండేళ్ళలో అది దాదాపు నిండింది. చివర్లో ఒక్క పుస్తకం పట్టేంత చోటు మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ ఒక్కటీ దొరికితే ఇంక బస్సెక్కక్కర్లేదనుకునేది. నిన్న కొత్తపేట నుంచి తెచ్చింది అక్కడే పెట్టింది. సగం పుస్తకం కదా, సగం చోటే నిండింది.

పొద్దున్నే లీలావతిగారు పనసపొట్టు కూర గిన్నెతో వచ్చేరు. వెనకాల వీధిలోవాళ్ళు ఇంకో ఇద్దరు.

నోరే గాని ఆవిడ చెడ్డమనిషి కాదు. వెంకటకృష్ణ పోయినప్పుడు భవానికి ఒంటి మీద తెలివి లేదు. పదకొండు రోజులూ ఆవిడే దగ్గరుండి ఇల్లు నడిపేరు.

"చూడమ్మాయ్, నీ మంచి కోరి చెబుతున్నాను. కడుపు మాడ్చుకుని ఈ చెత్తంతా ఎందుకే నీకు?"

భవాని పీట వాల్చింది.

లీలావతిగారు కూర్చోకుండా అర దగ్గరికే వెళ్ళి సగం పుస్తకం తీసేరు.

"ఇదిగో, ఇదే! తొంభై ఆరో పేజీ నుంచి ఉంది. తలకాయ లేని పుస్తకం ఎలా చదువుతావే?"

వెనకాలవాళ్ళు నవ్వేరు.

ఆవిడ పేజీలు టపటపా తిప్పుకుంటూ చివరికి వచ్చేరు. అక్కడ పెన్సిల్‌తో ఏదో రాసుంది. కళ్ళజోడు సర్దుకుని పైకి చదివేరు.

"'చెప్పులు వచ్చే నెల కొనుక్కోవచ్చు.' ఇదేం రాతే?"

ఇంకోటి తీసి వెనక్కి తిప్పేరు. "'ఈ నెలంతా టీ మానేస్తే సరి.' బాగుందే వరస! చెప్పులకి గతిలేని దరిద్రుడెవడో కొనుక్కున్నవి ఏరుకొచ్చి ఇంట్లో పెట్టుకుంటావా?"

భవాని రెండు పుస్తకాలూ ఆవిడ చేతుల్లోంచి మెల్లగా తీసుకుంది. వాటి చోట్లో వాటిని పెట్టింది.

"పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉండకూడదని, ఆయన పదకొండో రోజున అటక మీది గోనెసంచులు మూతి విప్పైనా చూడకుండా చిత్తుకాగితాలవాడి చేత కాటా వేయించేసింది మీరే కదండీ, పిన్నిగారూ."